పద్దెనిమిది అడుగుల బిరుదు

ఒక పెద్దమనిషిని గౌరవించబోయి ఊరు ఊరంతటినీ కొంగల్లా ఒంటికాలి మీద నిలబెట్టిన ఘనత నాది. ఇలాంటి ఘనకార్యం మీరెవరైనా చేసి ఉంటే చెప్పండి, ఇద్దరం కూర్చుని టీ తాగుదాం. చేయకపోతే హాయిగా నా మీద నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు పన్నెండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, కొత్తగా నలుగురు చేరితే నాకు పోయేదేమీ లేదు.

మాది ఏలూరు, తంగెళ్ళమూడి. తివాచీలు నేసే ఇల్లు. మా తాతల తాతలు పర్షియా నుంచి వచ్చారని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ పర్షియా ఎటువైపు అని అడిగితే మా మేనత్త బీబీజాన్ రైల్వే స్టేషను వైపు చెయ్యి చూపిస్తుంది. అక్కడిదాకా వెళితే మిగతా దారి ఎవరో ఒకరు చెబుతారని ఆమె ధీమా. మా నాన్న మాత్రం ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవారు కాదు. ఆయన దృష్టిలో మగ్గం ఉన్నచోటే పర్షియా.

నేను చెబుతున్న రోజులకి మిషను మీద తయారైన తివాచీలు వచ్చి మా మూడు మగ్గాల్లో రెండింటిని మూలన పెట్టించాయి. నాకప్పుడు పాతికేళ్ళు. బీకాం దాదాపు పాసయ్యాను. దాదాపు అంటే రెండు పేపర్లు మిగిలాయి. తాడేపల్లిగూడెంలో మా మామయ్య ఒక రైసుమిల్లులో పనిచేసేవారు. లారీలకు బస్తాలు ఎక్కించేటప్పుడు చీటీలు రాసే ఉద్యోగం ఒకటి నా కోసం అట్టేపెట్టి, నెలకోసారి ఫోన్ చేసి "కరీం వస్తున్నాడా లేదా" అని అడిగేవారు. నాకేమో చీటీలు రాయాలని లేదు. నేను గొప్ప డిజైనర్ని కావాల్సినవాణ్ణని నాకొక్కడికే తెలిసిన రహస్యం.

అలాంటి సమయంలో కొల్లేటి లంకలోని ఒక ఊరి నుంచి ఫాదర్ జోజయ్య గారు స్కూటర్ మీద మా ఇంటికి వచ్చారు. అరవై దాటిన మనిషి, గుండ్రటి ముఖం, నెమ్మదైన మాట. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ కాథలిక్కులకు ఆయనే గురువు. వాళ్ళ ఊళ్ళో కొత్త చర్చి కట్టారట. దాన్ని ఆశీర్వదించడానికి ఆ లంకలోనే పుట్టిన శౌరయ్య గారు వస్తున్నారట. ఆయన చిన్నప్పుడే గురువుల చదువుకి వెళ్ళి, అక్కణ్ణుంచి రోమ్ వెళ్ళి, పోపు గారి ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, బిషప్పుల్లో పెద్ద అయిన ఆర్చిబిషప్ పదవి అందుకుని, ఇప్పుడు రిటైరయ్యారు. అంతటివాడు పుట్టిన ఊరికి వస్తుంటే గుమ్మం నుంచి బలిపీఠం మెట్ల దాకా చేత్తో నేసిన తివాచీ పరవాలని ఊరివాళ్ళ కోరిక. నాలుగడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. ఎరుపు రంగు. పని నచ్చితే మిగతా ఊళ్ళ చర్చిలకూ చెబుతామన్నారు.

మా ఇంట్లో అంత పెద్ద పని వచ్చి ఏళ్ళయింది. మా అత్త ఆ రోజు ఫాదర్ గారికి టీతో పాటు సేమ్యా పాయసం కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే మా నాన్నకు కంటి ఆపరేషన్ పడింది. ముందు ఒక కన్ను, కొన్ని వారాలు ఆగి రెండోది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని నన్ను పిలిచారు. "ఎర్ర నేల, పచ్చ అంచు, నాలుగు మూలలా నాలుగు పువ్వులు. అంతే. అంతకు మించి నీ బుర్ర వాడకు. ఇది బాగా వస్తే మగ్గం నీది. రాకపోతే గూడెం వెళ్ళి చీటీలు రాసుకో."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాతికేళ్ళవాడికి "నీ బుర్ర వాడకు" అని చెప్పడం ఎలాంటిదంటే, దాహంతో ఉన్న గేదెకి కాలవ చూపించి తాగొద్దని చెప్పడం లాంటిది. ఎర్ర నేల, పచ్చ అంచు ఎవడైనా నేస్తాడు. రోమ్‌లో పనిచేసిన ఆర్చిబిషప్ వస్తుంటే ఉత్త ఎరుపా? ఆయన బిరుదులన్నీ బంగారు రంగు ఉన్నితో తివాచీ పొడవునా నేస్తే ఎలా ఉంటుంది? గుమ్మంలో అడుగు పెట్టగానే "మహా" అని మొదలై, బలిపీఠం దాకా ఆయన కీర్తి అలా సాగిపోవాలి. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు ఆనందంతో అన్నం సయించలేదు.

బిరుదులంటే ఏమిటో తెలుసుకోవాలి కదా. మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అప్పుడే భోంచేసి వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నేసే సంగతి చెప్పలేదు, చూసి ఆశ్చర్యపోవాలని.

"ఏవండీ ఫాదర్ గారూ, వచ్చే పెద్దాయన్ని ఎలా పిలవాలండి?"

"బిషప్ గారూ అంటే పలుకుతారయ్యా."

"అలా కాదండి. పూర్తిగా. శుభలేఖ మీద వేస్తారు చూడండి, అలా."

ఫాదర్ గారి కళ్ళు మెరిశాయి. ఆ ఊళ్ళో ఆయన్ని చేపల ధరలు అడిగినవాళ్ళున్నారు, పెళ్ళి తేదీలు అడిగినవాళ్ళున్నారు, బిషప్పుల బిరుదుల చరిత్ర అడిగినవాడు మాత్రం నేనే మొదటివాణ్ణి. ఆయన లేచి కూర్చుని, మొదటి శతాబ్దాల దగ్గర మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో బిరుదులే లేవట. బిషప్పుని ఊరివాళ్ళు నాన్నా అని పిలిచేవారట. పోపు అన్న మాటకి అసలు అర్థం కూడా నాన్నే, అప్పట్లో చాలామంది బిషప్పుల్ని అలాగే పిలిచేవారట. తర్వాత రాజులు వచ్చారు, రాజుల పక్కన కూర్చోవలసి వచ్చింది, రాజుకి ఒక బిరుదు ఉంటే పక్కన కూర్చున్నవాడికి ఇంకొకటి కావలసి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక పోపు గారు తన కింది మెట్టు మీద ఉండే కార్డినల్స్‌కి మాత్రమే ఒక గొప్ప బిరుదు కేటాయించారు. దాంతో వాళ్ళు విడిచిన పాత బిరుదుని కిందివాళ్ళు తీసుకున్నారు. అన్నయ్య చొక్కా తమ్ముడికి వచ్చినట్టు అన్నారు ఫాదర్ గారు. ఇంగ్లండులో బిషప్పులు ప్రభువుల సభలో కూర్చునేవారు కాబట్టి అక్కడ బిషప్పుని లార్డ్ అన్నారు, ఆ తెల్లవాళ్ళతో పాటు ఆ మాట మన దేశానికీ వచ్చింది. పోపు గారి సింహాసనం దగ్గర అసిస్టెంట్ అనే గౌరవం కూడా ఒకటుండేదట. నాకు వెంటనే మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్ గుర్తొచ్చాడు. అది శౌరయ్య గారికి లేదు, ఇప్పుడు ఇవ్వడం కూడా మానేశారు అనడంతో నా మనసు కుదుటపడింది.

నేను కాగితం మీద అన్నీ రాసుకుంటున్నాను. శ్రద్ధగల శిష్యుడు దొరికాడని ఆయన ఉత్సాహం ఇంకా పెరిగింది.

"శౌరయ్య గారికి ఉన్నవాటిలో పాతది, గొప్పది ఇంకొకటి ఉంది. ఆయన ఎక్కడి ఆర్చిబిషప్పో తెలుసా? ఆఫ్రికా ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక పట్టణానికి."

ఆ పట్టణం పేరు ఆయన మూడుసార్లు చెప్పారు, మూడు రకాలుగా పలికారు. ఆయన అక్కడ ఉండేవారా అని అడిగాను. ఉండటానికి అక్కడ ఊరు లేదట. వందల ఏళ్ళ కిందటే ఇసుకలో కలిసిపోయింది. కానీ ఒకప్పుడు అక్కడ బిషప్ ఉండేవాడు కాబట్టి ఆ పేరుని చర్చి వదులుకోలేదు. సొంత ఊరు లేని బిషప్పులకి, అంటే రోమ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ లాంటివాళ్ళకి, ఇలా పోయిన ఊళ్ళ పేర్లు ఇస్తారు.

"పూర్వం దీని వెనక ఇంకో మాట కూడా ఉండేది," అని ఆయన హఠాత్తుగా ఆగి, నా ముఖం చూసి, "వద్దులే" అన్నారు.

వదలకుండా అడిగాను. చివరికి ఆయన చాలా మెత్తగా, "అవిశ్వాసుల ప్రాంతాల్లోని పట్టణం, అనేవాళ్ళు" అన్నారు.

"ఎవరండీ ఆ అవిశ్వాసులు?"

ఫాదర్ గారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. "మీవాళ్ళేనయ్యా. అంటే, ఎక్కువగా. ఆ మాట తీసేసి వందేళ్ళు దాటింది లే."

తీసేశారు కాబట్టి నేనూ కాగితం మీద కొట్టేశాను. నిజానికి నాకు కోపం రాలేదు, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మావాళ్ళ ప్రస్తావన రోమ్ దాకా వెళ్ళిందని. ఇక చివరి ప్రశ్న అడిగాను. ఇలాంటి ఆర్చిబిషప్పుని ఏమంటారండి అని.

"టిట్యులర్ ఆర్చిబిషప్."

"అంటే తెలుగులో?"

భోజనం చేసి గంటసేపు మాట్లాడిన మనిషికి కళ్ళు మూతపడుతున్నాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అంటే, పేరుకు మాత్రమే, అన్నమాట" అని కునుకులోకి వెళ్ళిపోయారు. నేను అది కూడా రాసుకుని, చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చి గళ్ళ కాగితం మీద డిజైను గీశాను. పట్టణం పేరు మూడు పలుకుల్లో ఏది సరైనదో తెలియక పేరు వదిలేశాను. అబద్ధం నేయకూడదు కదా. ఇంగ్లీషు మాటలు తెలుగు ఊరికి ఎందుకని మొత్తం తెలుగులోకి మార్చాను. చివరికి తేలిన వాక్యం ఇది, ఒక్కొక్క అక్షరం ఒకటిన్నర అడుగు ఎత్తున, రెండు వరసల్లో:

"మహా పూజ్య, మహా ఘనత వహించిన శౌరయ్య ప్రభువులవారు, ఇప్పుడు లేని పట్టణానికి పేరుకు మాత్రమే అగ్రపీఠాధిపతి."

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు నేను నవ్వలేదు. ఫాదర్ గారు పాతది, గొప్పది అని చెప్పిన గౌరవం అది. అందులో ఒక్క మాట తగ్గించినా ఆయన పరువు తగ్గుతుందని నా భయం.

ఇంత పెద్ద వాక్యాన్ని నాలుగు నెలలు నేస్తుంటే ఒక్కరు కూడా ఎలా పట్టుకోలేదని మీకు సందేహం రావచ్చు. రెండు కళ్ళూ కుదుటపడేదాకా ఉన్ని దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు మా నాన్నని మగ్గం దగ్గరికే రానివ్వలేదు. మా అత్తకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. ఆమె గళ్ళు చూసుకుని ఇక్కడ ఎరుపు, ఇక్కడ పసుపు అంటూ ముడులు వేసుకుపోయేది. సాయానికి వచ్చిన నేతగాళ్ళూ అంతే. పైగా అక్షరాలు మగ్గం మీద పక్కకి పడుకుని ఉంటాయి, నేసింది నేసినట్టు కింది దూలానికి చుట్టుకుపోతుంది. మొత్తం వాక్యం ఒక్కసారిగా చూసింది ప్రపంచంలో నేనొక్కణ్ణే. మా అత్త మధ్యలో ఒకసారి అడిగింది, ఏం రాశావురా అని. వాళ్ళ పెద్దాయన గొప్పతనం అన్నాను. "నిండుగా ఉంది," అని మెచ్చుకుంది.

చర్చి ఆశీర్వాదం రోజు పొద్దున్నే తివాచీని చుట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరాను. గుండుగొలను దాటాక హైవే వదిలి చేపల చెరువుల మధ్య రోడ్డులోకి దిగేసరికి నాకు ఊరేగింపుకి వెళుతున్నట్టుంది. చర్చికి రంగు కాగితాలు కడుతున్నారు. ఆర్చిబిషప్ గారు పది గంటలకు వస్తారట. తాడేపల్లిగూడెంలో రైలు దిగితే కారు తీసుకొస్తుంది. ఎనిమిదింటికల్లా జనం వచ్చేశారు.

నలుగురు పట్టుకుని తివాచీ పరిచాం. సరిగ్గా గుమ్మం వెడల్పు. ఎరుపు మీద బంగారు అక్షరాలు కిటికీల వెలుతురులో మెరిశాయి. ఊరి పెద్ద మరియన్న గారు చేతులు జోడించారు. స్కూలు హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఫాతిమా గారు వంగి అక్షరాల బిగువు చూసి బాగుందన్నారు. సిస్టర్ పేరు ఫాతిమా ఏమిటని కంగారు పడకండి, మా అక్క పేరూ అదే, ఆ పేరు వాళ్ళలోనూ ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు మరియన్న గారు లోపలికి వెళ్ళబోయి, కుడికాలు గాల్లోకి ఎత్తి, అలాగే ఆగిపోయారు.

"ఏవండీ, ఇక్కడ అక్షరాలున్నాయండి."

మన దగ్గర పుస్తకానికి కాలు తగిలితే ఏం చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. పాత పేపరుకి తగిలినా ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. ఇక్కడ కాళ్ళ కింద ఉన్నది సాక్షాత్తూ ఆర్చిబిషప్ గారి పేరు, ప్రభువులవారు అన్న మాటతో సహా. గుమ్మం నిండా తివాచీ, పక్కన దారి లేదు. మరియన్న గారు గుమ్మం చెక్క పట్టుకుని పక్కకి ఊగి గోడవారకి దూకారు. ఆయన వెనక వాళ్ళూ అదే పని. కొద్దిసేపట్లో పట్టుచీరల్లో ఆడవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల్లో మగవాళ్ళు ఒంటికాలి మీద ఊగుతూ, గోడకు వీపు ఆనించి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని బల్లుల్లా లోపలికి పాకుతున్నారు.

ఒక ముసలమ్మ చూసుకోక "మహా" మీద కాలు పెట్టేసింది. గబుక్కున వంగి అక్షరాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. వంగినప్పుడు రెండో కాలు "పూజ్య" మీద పడింది. దాన్నీ అద్దుకుంది. అందుకోసం ఇంకో అడుగు ముందుకు వేయవలసి వచ్చింది. అలా క్షమాపణలు చెప్పుకుంటూ ఆమె "ప్రభువులవారు" దాకా వెళ్ళాక ఇద్దరు కోడళ్ళు వచ్చి ఆమెను గాల్లోకి లేపి పక్కన దించారు.

నేను స్తంభం పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాను. కాళ్ళ కింద పరిచే వస్తువు మీద పేరు రాస్తే దాన్ని తొక్కాల్సి వస్తుందన్న చిన్న విషయం నాలుగు నెలల్లో ఒక్క క్షణం కూడా నా బుర్రకు తట్టలేదు. మా నాన్న వాడొద్దన్నది ఆ బుర్రనే.

ఈలోగా లోపల వస్త్రాలు సర్దుకుంటున్న ఫాదర్ జోజయ్య గారు బయటికి వచ్చారు. అదే సమయానికి సిస్టర్ ఫాతిమా గారు, క్లాసులో పాఠం చదివినట్టు, తివాచీని మొదటి నుంచి పైకి చదువుతున్నారు. "పేరుకు మాత్రమే" దగ్గర ఆవిడ గొంతు తగ్గిపోయింది.

"ఇది ఎవరు రాయమన్నారయ్యా?" అన్నారు ఫాదర్ గారు.

"మీరేనండి."

"నేనా?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. అందులో ఒక్క మాట కూడా ఆయనది కాదనడానికి లేదు. ఆయన ముఖంలో మొదట కోపం వచ్చింది, తర్వాత తను కునికిన సంగతి గుర్తొచ్చింది కాబోలు, కోపం ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం మడిచి నా చేతికే ఇచ్చేశారు. నాకేమో ఆ క్షణంలో రైసుమిల్లు ముందు లారీలు బారులు తీరి కనిపించాయి. మగ్గం పోయినట్టే. మా నాన్నకి ఏం చెప్పాలో, మా అత్త ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

తిరగేసి పరుద్దాం అన్నారు ఎవరో. తిరగేశాం. చేత్తో ముడివేసిన తివాచీకి వెనక కూడా డిజైను తేటగా కనిపిస్తుంది. మంచి పనికి అదే గుర్తని మా నాన్న కొనేవాళ్ళకి తిప్పి చూపించేవారు. ఇప్పుడు అదే మంచితనం మా కొంప ముంచింది. అక్షరాలన్నీ అలాగే ఉన్నాయి, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

మరియన్న గారు చాలాసేపు చూసి, "ఇది లాటినా అండి?" అని అడిగారు.

ఫాదర్ గారు అబద్ధం అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. నేను కళ్ళారా చూశాను. ఆయన నోరు తెరిచేలోపే సిస్టర్ గారు, ముప్పై ఏళ్ళుగా పిల్లల చేతిరాత దిద్దిన మనిషి, వేలు పెట్టి చూపించారు. "తెలుగేనండి. ఇదిగో, 'మాత్రమే' ఇక్కడుంది."

మళ్ళీ తిప్పి పరిచాం. అప్పుడే ఫోన్ వచ్చింది. ఆర్చిబిషప్ గారు ముందు రైలుకే దిగిపోయారట, కారు ఊరి దగ్గరికి వచ్చేసిందట. తివాచీ చుట్టేద్దామంటే, కింద ఇంకా సిమెంటు గచ్చు వేయని నేల. ఆడవాళ్ళు మాట్లాడుకోకుండానే ఇళ్ళకు పరుగెత్తారు. తుంగ చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. కొల్లేట్లో పెరిగే తుంగతో ఇంటింటా అల్లుకునే చాపలు. వాటిని వరసగా పరిచి నా పద్దెనిమిది అడుగుల గౌరవాన్ని కప్పేశారు. నేను స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. స్తంభం సన్నది, నేను కాదు.

కారులోంచి దిగినాయన పొట్టిగా, బక్కగా ఉన్నారు. తల మీద ఊదారంగు చిన్న టోపీ, మేం నమాజుకి పెట్టుకునేదాని లాంటిదే. జనం ఆయన ఉంగరాన్ని ముద్దు పెట్టుకున్నారు. ఫాదర్ గారు స్వాగతం మొదలుపెట్టారు. ఆయన వింటూ గుమ్మంలోకి వచ్చి, కిందికి చూసి, ఆగిపోయారు.

"తుంగ చాపలే," అన్నారు. రోమ్‌లో ఏళ్ళు గడిపినా ఆయన మాట కొల్లేటి మాటే. "మా అమ్మ అల్లేదండి ఇవి. అంచు మడత చూస్తే ఎవరింటి చాపో చెప్పేది."

అంటూనే ఆయన గుమ్మంలో గొంతుకూర్చున్నారు. చాప అంచు చేత్తో తడిమి, మడత ఎలా వేశారో చూద్దామని పైకి ఎత్తారు. కింద ఎరుపు కనిపించింది. ఎరుపులో బంగారం కనిపించింది. ఫాదర్ గారికి దగ్గు వచ్చింది, అది ఆగలేదు. ఆర్చిబిషప్ గారు మొదటి చాప పక్కకి తీసి "మహా పూజ్య" అని చదివారు. రెండో చాప తీశారు. అలా ఒక్కొక్క చాపా తీస్తూ, తివాచీ అంచు పక్కగా నడుస్తూ, తనలో తాను చదువుకుంటూ బలిపీఠం మెట్ల దాకా వెళ్ళారు. చివరి చాప తీశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇది నేసింది ఎవరండి?"

తలలన్నీ నా స్తంభం వైపు తిరిగాయి. నేను ముందుకు వచ్చి తప్పయిపోయిందండి అన్నాను.

"తప్పెక్కడుంది బాబూ? ముప్పై ఏళ్ళుగా నా సంతకం కింద ఆ పట్టణం పేరు రాసుకుంటున్నాను. ఎప్పుడూ చూడలేదు. అటు వెళ్ళొచ్చిన ఒకాయన్ని అడిగితే, అక్కడ మేకలు మేస్తున్నాయి అన్నాడు. పేరుకు మాత్రమే అని నాకు తెలుసు. కానీ ఎవరూ నాతో ఇంత పెద్ద అక్షరాలతో చెప్పలేదు."

నవ్వు ముందు ఆయన భుజాల్లో మొదలైంది. తర్వాత మొత్తం మనిషి ఊగిపోయారు. ఆయన నవ్వారు కాబట్టి ఫాదర్ గారు నవ్వారు, ఫాదర్ గారు నవ్వారు కాబట్టి గోడలకు అతుక్కున్న ఊరంతా నవ్వింది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముడులు వేసి వేసి మా అత్త వేళ్ళ మీద పడిన కోతలు గుర్తొచ్చి.

మీది ఏ ఊరని ఆయన అడిగారు. చెప్పాను. "తివాచీలవాళ్ళు పర్షియా నుంచి వచ్చారంటారు, నిజమేనా?"

"అంటారండి."

"నువ్వు చూశావా?"

"లేదండి."

"అయితే మనిద్దరిదీ ఒకటే ఉద్యోగం," అన్నారాయన నా భుజం మీద చెయ్యి వేసి.

మరి నడవడం ఎలాగండి అని మరియన్న గారు అడిగారు. ఆర్చిబిషప్ గారు మిగతా అక్షరాల మీద చాపలు మళ్ళీ పరవమని చెప్పి, చెప్పులు విప్పి, రెండు పాదాలతో "పేరుకు మాత్రమే" మీద నిలబడ్డారు. "ఇక్కడ తొక్కండి. ఇక్కడ తొక్కితే ఎవరికీ నొప్పి లేదు." ఆ రోజు ఊరంతా ఆ రెండు మాటల మీదుగానే బలిపీఠం దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ మాత్రం అక్కడ కూడా వంగి కళ్ళకద్దుకుంది.

ఇంటికి వచ్చి మా నాన్నకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నారు. అడిగింది ఒక్కటే, ముడులు బిగువుగా ఉన్నాయన్నారా లేదా అని. ఉన్నాయన్నారని చెప్పాను. తల ఊపి అటు తిరిగి పడుకున్నారు.

నెల తిరక్కుండా ఫాదర్ గారు మళ్ళీ స్కూటర్ మీద వచ్చారు. శౌరయ్య గారు తన మంచం పక్కన వేసుకోవడానికి రెండడుగుల తివాచీ అడిగారట. పొద్దున లేవగానే పాదాలు దాని మీద పెడతారట. ఎర్ర నేల, బంగారు అక్షరాలు, రెండే రెండు మాటలు. ఆ మాటలేమిటో నేను చెప్పక్కర్లేదు. ఆయనలాగే పోయిన ఊరి పేరు మోస్తున్న మరో రిటైరైన బిషప్ గారు కూడా విని ముచ్చటపడి, తనకూ ఒకటి కావాలన్నారట. ఫాదర్ గారి వెనకే ఇంకో స్కూటర్ మీద పొరుగు చర్చి పెద్దలు కూడా వచ్చారు, వాళ్ళకు మాత్రం అక్షరాలు లేనిది కావాలి.

నేను బెదిరిపోయి మా నాన్న వైపు చూశాను. ఆ తప్పు మళ్ళీ నేయడమా అన్నాను.

"ఒకసారి నేస్తే తప్పు," అన్నారాయన. "అడిగి నేయించుకుంటే డిజైను. వెళ్ళి పసుపు ఉన్ని తియ్యి."

చీటీలు రాసే ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. మగ్గం నాకు దక్కింది. అయినా ఆ రోజు పొద్దున స్తంభం పక్కన నిలబడి చూసింది నేను మర్చిపోలేదు. కాబట్టి ఇక్కడిదాకా చదివిన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పెద్దమనిషి గౌరవాన్నీ ఆయనకు చెప్పకుండా నేల మీద పరవను. అర్థం తెలియని మాటని ఒకటిన్నర అడుగు ఎత్తున నేయను. భోజనం చేసి పడక్కుర్చీలో వాలిన ఏ ఫాదర్ గారినీ ఏ బిరుదుకీ తెలుగు అడగను. ఈ ప్రమాణాన్ని నేను నూటికి నూరుపాళ్ళు నిలబెట్టుకుంటున్నాను, రిటైరైన బిషప్పుల ఆర్డర్లు మినహా.